పై జేబు

ఇరవై ఎనిమిదో వారం.
కడుపైతే ఈపాటికి ఏడో నెల దాటేది,
గాజులు తొడిగి, ఒళ్ళో చలిమిడి పెట్టి
పుట్టింటికి పంపేవాళ్ళు.
భుజం కదా,
ఒక ఫారం పంపారు.

పేరోల్ డోనా మంచిదే.
ఫోన్లో గొంతు తగ్గించి చెప్పింది:
"వచ్చే శుక్రవారంతో సిక్ పే ఆఖరు, నాన్సీ.
ఇక గవర్నమెంటుకి క్లెయిమ్ పెట్టుకో."
(రొట్టెల ఫ్యాక్టరీలో నాన్సీని.
ఫారం మీద మాత్రం నాంచారమ్మనే.)

క్లెయిమ్ అన్న మాటకి తెలుగు వెతికాను.
అడగడమా?
అడుక్కోవడమా?
రెంటికీ మధ్య ఉన్నది ఒక్క క వత్తు.
ఆ వత్తు దగ్గరే నాలుగు రోజులు ఆగిపోయాను,
పెన్ను ఎడం చేతిలో పట్టుకుని.

పదకొండేళ్ళు,
హల్ ఊరు లేచేసరికి రొట్టె ఉండాలని
రాత్రంతా తలకన్నా ఎత్తుకి ట్రేలు ఎత్తాను.
ప్రతి జీతంలోనూ ఇంత కోసుకుని
పక్కన పెట్టారు.
ఆ పక్క ఎక్కడుందో
ఇప్పుడు కనుక్కోవాలి.

పక్కింటి మోరీన్ వచ్చి కూర్చుంది.
చేపలు కోసి కోసి వేళ్ళు వంకర పోయిన మనిషి,
ఇలాంటి ఫారాలు మూడు నెగ్గింది, ఒకటి ఓడింది.
"నీ మంచి రోజు రాయకు,
అన్నిటికన్నా చెడ్డ రోజు రాయి" అంది.
ఎలా చెప్పను మోరీన్,
ఎవరడిగినా బాగున్నాననే పెంపకం మాది.
పైగా సందె వేళ.
తథాస్తు దేవతలు
హంబర్ నది మీదుగా ఇటు రారని ఏముంది?
లైటు వేసి, కిటికీ మూసి,
దువ్వెన పట్టుకోలేను అని రాశాను.
రాశాక
చాలాసేపు దువ్వెన వైపు చూడలేదు.

తర్వాత ఫోన్లో ప్రశ్నలు.
నలభై నిమిషాలు పియానో వినిపించి
అధికారిణి వచ్చింది, ఆవిడ వెనకాలే
తెలుగు చెప్పే అమ్మాయి,
గొంతులో కొంచెం అనంతపురం.
"మీదే ఊరమ్మా?" అన్నాను.
"అది నేను చెప్పకూడదండీ."

"మీ జాకెట్టు పై జేబులో
ఏదైనా పెట్టుకోబోతున్నట్టు
చెయ్యి ఎత్తగలరా? ఏ చెయ్యైనా సరే."

జాకెట్టుకి జేబేమిటి తల్లీ!

అవతల ఊపిరి బిగబట్టిన చప్పుడు.
నవ్వే అయ్యుంటుంది.
"ఏమంటోంది ఆవిడ?" అని ఇంగ్లీషులో అధికారిణి.
"తనకి జేబు లేదంటున్నారు"
అని చెప్పిందా పిల్ల.
కీబోర్డు టకటకలాడింది.
ఆ మాటే ఎక్కించారేమో, నాకు తెలీదు.

మా అమ్మకీ జేబు లేదు.
నాలుగు నోట్లు మడిచి జాకెట్లో దోపుకునేది,
బస్సు టికెట్టు తడిగా తీసేది.
నేను హుక్కులు ఎడం చేత్తో పెట్టుకోవడం
మే నెలలో నేర్చుకున్నాను.
ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో
ఏ గడిలోనూ అడగలేదు.

చివర్లో అధికారిణి థాంక్యూ చెప్పి వెళ్ళింది.
లైను తెగే లోపల ఆ పిల్ల గబుక్కున
"చెయ్యి జాగ్రత్తండీ" అంది.
అది మాత్రం ఇంగ్లీషులోకి వెళ్ళలేదు.

నిర్ణయం ఉత్తరంలో వస్తుందట.
ఉత్తరం ఎప్పుడొస్తుందో ఇంకో ఉత్తరంలో వస్తుందట.

ఇవాళ గ్యాసు మీటరు ఐదు పౌన్ల మీద పడింది.
మోరీన్ మొగుడి కోటు వేసుకుని బయల్దేరాను.
పోయాడాయన, కోటు గట్టిది.
హెస్సిల్ రోడ్డులో గాలి, వానా కలిసి అడ్డం కొడుతున్నాయి.
దారిలో తట్టింది,
హక్కు అన్న మాటలోనూ
అదే క వత్తు ఉందని.
పెద్ద సంగతేం కాదు. వాన ఆగలేదు కూడా.

కార్డులో పది పౌన్లు వేయించుకున్నాను.
ఈ కోటుకి పై జేబుంది,
గుండీతో సహా.
కాసేపు కొట్టు గుమ్మంలో నిలబడి
కార్డు కింది జేబులో వేసుకున్నాను.